నా పాత సినిమా వీడియోకి కాపీరైట్ క్లెయిమ్ వచ్చినప్పుడు

పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాల్లో లైటింగ్ ఎలా చేశారో చెబుతూ యూట్యూబ్‌లో చిన్న వీడియోలు పెడుతుంటాను. మొన్న వేసవిలో పెట్టిన ఒక ఎనిమిది నిమిషాల వీడియో కథ ఇది.

1950ల నాటి ఒక జానపద సినిమాలో రాజకుమారి దీపం పట్టుకుని మెట్లు దిగే షాట్ ఉంది. వెలుగంతా దీపానిదే అనిపిస్తుంది, కానీ మెట్ల మీద చూస్తే ఆమె నీడ దీపం ఉన్న వైపే పడుతోంది. దీపం వెలుగే అయితే నీడ వెనక్కి పడాలి కదా, అంటే అసలు లైటు ఆమె వెనక పైనెక్కడో పెట్టారన్నమాట. ఇది చూపించడానికి అదే షాట్‌ను మూడుసార్లు ఆపి ఆపి వేశాను. చివర్లో మాత్రం పాట బాగుందని ఒక నలభై సెకన్లు నేనేమీ మాట్లాడకుండా అలాగే వదిలేశాను.

మర్నాడు పొద్దున్నే కాపీరైట్ అని ఈమెయిల్. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మూడేళ్ల కష్టం పోయిందనే అనుకున్నాను.

మా బావమరిది ఫోన్ చేసి "వీడియోని అద్దంలోలాగా తిప్పేయ్ బావా, పాట స్పీడు కాస్త పెంచు, దొరకదు" అన్నాడు. ఇంకొకరు పది సెకన్ల లోపు అయితే ఏమీ కాదన్నారు, మరొకరు 'క్రెడిట్స్ ఒరిజినల్ ఓనర్‌కి' అని కింద రాస్తే చాలన్నారు. ఇవేవీ నిలబడవు. మన 1957 కాపీరైట్ చట్టంలో సెకన్ల లెక్క ఎక్కడా లేదు, పేరు రాసినంత మాత్రాన అనుమతి తీసుకున్నట్టూ కాదు.

టెన్షన్ కాస్త తగ్గాక మళ్లీ చదివితే వచ్చింది స్ట్రైక్ కాదు, క్లెయిమ్. ఈ తేడా అందరికీ తెలియాలి. క్లెయిమ్ అంటే కంటెంట్ ఐడీ అనే మిషన్ మన వీడియోని పోల్చి చూసి పట్టుకున్నది, దాని వల్ల ఆదాయం అవతలివాళ్లకు వెళ్లొచ్చు, వీడియో ఆగిపోనూవచ్చు, ఛానెల్‌కు మాత్రం దెబ్బ తగలదు. స్ట్రైక్ అంటే హక్కుదారు వీడియో తీసేయమని నోటీసు ఇచ్చినట్టు, 90 రోజుల్లో అలాంటివి మూడు పడితే ఛానెలే పోతుంది.

నాకు వచ్చినవి రెండు క్లెయిములు, బొమ్మ మీద ఒకటి, పాట మీద ఒకటి. ఒకే సినిమాకి రెండెందుకని మొదట కోపం వచ్చింది గానీ, చట్టం చదివాక అర్థమైంది. సినిమాకి హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1957లో వచ్చిన 'మాయాబజార్' తీసుకోండి, సినిమాగా దాని గడువు 2017తో తీరింది. కానీ పాట సాహిత్యానికి లెక్క వేరు, రాసినవారు పోయాక 60 ఏళ్లు. పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు కాబట్టి ఆ మాటలకు 2031 దాకా రక్షణ ఉంది. పైగా ఇదంతా మన దేశపు లెక్క. అమెరికాలో అదే సినిమాకి విడుదల నుంచి 95 ఏళ్లు, నా వీడియోలు చూసేవాళ్లలో సగం మంది అక్కడి తెలుగువాళ్లే.

అందుకే గడువు తీరిందనే వాదన పట్టుకోలేదు. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో విమర్శకీ సమీక్షకీ తగినంత మేర వాడుకోవచ్చని ఉంది, నేను చేసిందీ అదే. ఏ నిమిషంలో ఏ షాట్ ఆపాను, అక్కడ నీడ గురించి ఏం చెప్పాను, ఆ షాట్ చూపించకుండా ఆ మాట ఎందుకు చెప్పలేను, ఇవన్నీ టైముతో సహా రాసి బొమ్మ మీది క్లెయిమ్‌ను డిస్ప్యూట్ చేశాను, అంటే అది సరికాదని యూట్యూబ్‌లోనే అభ్యంతరం పెట్టాను. పాట విషయంలో మాత్రం నాకు సమాధానం లేదు. ఆ నలభై సెకన్లలో నేను ఒక్క ముక్క మాట్లాడలేదు, అది సమీక్ష ఎలా అవుతుంది? యూట్యూబ్ ఎడిటర్‌లో క్లెయిమ్ పడిన పాట ఒక్కటే తీసేసే వీలుంది, తీసేశాను. రెండు రోజుల్లో ఆ క్లెయిమ్ పోయింది.

డిస్ప్యూట్‌కి జవాబివ్వడానికి అవతలివాళ్లకు 30 రోజులుంటాయి. వాళ్లు కాదంటే అప్పీలు చేయొచ్చు, దానికి 7 రోజులు, కానీ అప్పుడూ కాదని తీసేయమంటే అది స్ట్రైకే అవుతుంది. కాబట్టి మన వాదన మీద మనకు నమ్మకం లేకుండా ఆ బటన్ నొక్కకండి. నా కేసులో ఎవరూ జవాబివ్వలేదు, గడువు దాటగానే క్లెయిమ్ దానంతట అదే పోయింది. ఆ నెల్లాళ్లూ రోజూ పొద్దున లేవగానే ఫోన్ చూసుకోవడమే పని.

ఇంకో మాట. మా మేనల్లుడు మొదటి రోజు ఆటలో హీరో ఎంట్రీని ఫోన్‌లో తీసి స్టేటస్ పెట్టాడు. వెంటనే తీయించాను. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక, హాల్లో అనుమతి లేకుండా సినిమాని రికార్డు చేస్తే కనీసం మూడు నెలల జైలు, కనీసం మూడు లక్షల జరిమానా. "అందరూ పెడుతున్నారు మావయ్యా" అంటాడు. పెడుతున్నారు, నిజమే, నాకు భయమూ అందుకే.

ఇప్పుడు ఇంకో పాత సినిమా మీద పని చేస్తున్నాను. అందులోనూ మంచి పాట ఉంది. ఈసారి దాన్ని వేయట్లేదు, ఆ పాటలో లైటు ఎక్కడెక్కడ మారిందో నాలుగు ఫ్రేములు ఆపి నా మాటల్లో చెబుతున్నాను.