పడకతో పాటు ప్రయాణం

మా వారికి డెబ్బై ఏళ్ళు, నాకు అరవై ఆరు. ముప్పై ఏళ్ళుగా బెంగళూరులోని యలహంకలో ఉంటున్నాము. ఆయన కర్మాగారం నుంచి, నేను బడి నుంచి పదవీ విరమణ చేశాక బంధువులను తీరికగా చూసి రావచ్చునని అనుకున్నాము గాని, ఆ రాకపోకలు ఏటికేడు కష్టమవుతూ వచ్చాయి. ఆయన మోకాళ్ళు నేలమట్టపు మరుగుదొడ్డికి సహకరించవు. నేను ఇన్సులిన్ మీద ఉన్నాను, రాత్రి రెండు మూడు సార్లు లేవవలసి వస్తుంది. అనంతపురంలో మా తమ్ముడు తన పడకగది మాకు ఇచ్చి, భార్యతో కలిసి హాల్లో చాప పరుచుకున్న ఒక రాత్రి, చీకట్లో వాళ్ళిద్దరినీ దాటుకుంటూ స్నానాల గదికి వెళ్ళిన నాకు ఇక ఈ విధంగా రాకూడదనిపించింది. అసలు రాకుండా ఉండడం మాత్రం మా వల్ల కాదు. అందువల్ల ఈ జనవరిలో, సంక్రాంతి వెళ్ళాక, పడక, పొయ్యి, మరుగుదొడ్డి ఉన్న క్యాంపర్ వ్యాను ఒకటి పన్నెండు రోజులకు అద్దెకు తీసుకుని అనంతపురం, కర్నూలు, హైదరాబాదు వెళ్ళి వచ్చాము.

ఇటువంటి బళ్ళను మేము మొదట చూసింది అమెరికాలో, పెద్దమ్మాయి దగ్గర ఉన్నప్పుడు. అక్కడ వీటిని ఆర్‌వీ అంటారు. పిల్లలు వేరువేరు రాష్ట్రాలలో స్థిరపడిన వృద్ధ దంపతులు నెలల తరబడి వీటిలోనే తిరుగుతారు. కరెంటు, మంచినీళ్ళ కొళాయి, మురుగు వదలడానికి ఏర్పాటు ఉన్న విడిది మైదానాలు వారికి ఊరూరా ఉంటాయి. మన దగ్గర కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటకాన్ని, అంటే ఇటువంటి బళ్ళలో తిరిగే ఏర్పాటును, ప్రారంభించింది గాని, మేము వెళ్ళిన 44వ నంబరు జాతీయ రహదారి మీద అటువంటి విడిది మాకు ఒక్కటీ కనిపించలేదు. చుట్టాల వాకిళ్ళే మాకు విడుదులయ్యాయి.

పాత వ్యాను కొని మన అవసరానికి తగినట్టు మార్పించుకుందామని మా వారు మొదట అనుకున్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీలు లేదని తెలిసి ఆ ఆలోచన మానుకుని, నల్ల నంబరు పలక మీద పసుపు అక్షరాలున్న, అంటే స్వయంగా నడుపుకోవడానికి అనుమతి ఉన్న అద్దె బండిని ఎంచుకున్నాము. మొత్తం బరువు 7,500 కిలోలు మించని బండికి కారు నడిపే లైసెన్సే సరిపోతుంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా ఈ మాటే స్థిరపరచింది. అయితే యాభై అయిదేళ్ళు దాటినవారు లైసెన్సును అయిదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి కాబట్టి, బయలుదేరే ముందు దాని గడువు చూసుకోవడం మంచిది.

బండిలో జాగ్రత్తగా లెక్క చూసుకోవలసినవి రెండు, కరెంటు, నీళ్ళు. మా బండిలోని బ్యాటరీ 12 వోల్టులది, 200 ఆంపియర్-అవర్లది. అంటే నిండుగా ఉన్నప్పుడు అందులో 2,400 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. ఫ్యాను, దీపాలు, చిన్న ఫ్రిజ్ రాత్రంతా దాని మీద నడుస్తాయి గాని, 1,200 వాట్ల ఏసీ వేస్తే రెండు గంటలలో అంతా ఖాళీ. జనవరి చలి కనుక మాకు ఏసీ అవసరం రాలేదు. నా ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టితే అది పనికిరాదు. చిన్న ఫ్రిజ్‌లో వెనుక పలక దగ్గర గడ్డకట్టే ప్రమాదం ఉంది కాబట్టి, మందును తలుపు అరలో పెట్టి పక్కన ఒక థర్మామీటరు ఉంచి, పొద్దునా సాయంత్రమూ చూసుకున్నాము. నీళ్ళ ట్యాంకు వంద లీటర్లది. గిన్నెలు తోమడానికి, ముఖం కడుక్కోవడానికి అది చాలు. స్నానాలు చుట్టాల ఇళ్ళలోనే చేశాము.

మరుగుదొడ్డి గురించి ఎవరూ రాయరు గాని, ఈ ప్రయాణం మొత్తం దాని మీదే నిలబడింది. దాని కింద పెట్టెలాంటి తొట్టి ఒకటి ఉంటుంది. రెండు మూడు రోజులకొకసారి దానిని బయటకు లాగి, ఇంటి మరుగుదొడ్డిలో వంపి, కడిగి మళ్ళీ పెట్టాలి. రోడ్డు పక్క కాలువలో పారబోయడం ఎంత మాత్రమూ తగని పని. అద్దెకిచ్చినవారు డబ్బిచ్చి ఎవరి చేతనైనా చేయించవచ్చునన్నారు, మా వారు ఒప్పుకోలేదు. మా చిన్నతనంలో ఇళ్ళ వెనుక సందులో నుంచి వచ్చి మన మలాన్ని తట్టలలో ఎత్తుకుపోయిన మనుషులను మేమిద్దరం చూశాము. ఆ పనికి మనుషులను పెట్టుకోవడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. తొట్టిని వంపడం చట్టం దృష్టిలో ఆ పని కాకపోవచ్చు, కానీ మన తొట్టిని మనమే కడుక్కోవాలన్నది ఆయన పట్టుదల. ఒక్కసారి నేను కడిగాను, మిగిలినప్పుడల్లా ఆయనే కడిగారు.

తెల్లవారుజామున బయలుదేరి దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి మీదుగా కొడికొండ దాటి, పెనుకొండ దగ్గర ఫలహారానికి ఆగి, పన్నెండు గంటలకు అనంతపురం చేరాము. గంటకు అరవై కిలోమీటర్లు మించవద్దని ముందే అనుకున్నాము. బండి కదులుతున్నప్పుడు పడక మీద ఎవరూ ఉండకూడదు. బెల్టు పెట్టుకుని సీట్లలోనే కూర్చోవాలి. పడుకోవాలంటే పెట్రోలు బంకు ఆవరణలో నిలిపి పడుకోవాలి, రహదారి అంచున కాదు.

రాత్రికి బండిలోనే పడుకుంటామని చెప్పగానే తమ్ముడి ముఖం చిన్నబోయింది. "మా ఇంట్లో చోటు లేదనుకుంటివా అక్కా?" అన్నాడు. రాయలసీమలో ఇంటికి వచ్చిన ఆడపడుచు వాకిట్లో పడుకోవడమంటే వీధి వీధంతా మాట్లాడుకునే సంగతి. మాకు రాత్రి లేవవలసిన అవసరాలున్నాయని, భోజనాలు, మాటలు అన్నీ ఇంట్లోనేనని, పడక ఒక్కటే బయటనని ఎంత చెప్పినా వాడు ఆ పూట సరిగ్గా తినలేదు. వాడి బాధ న్యాయమైనదే. మా పద్ధతే సరైనదని నేను ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. అయితే మరునాడు సాయంత్రం మా మరదలు రెండు గ్లాసుల టీ తీసుకుని బండిలోకి వచ్చి కూర్చున్నది. ఇరవై అయిదేళ్ళలో మేము ఎప్పుడు వెళ్ళినా దుప్పట్లు తీయడం, గది సర్దడం, వంట చేయడంతోనే ఆమెకు పొద్దు గడిచిపోయేది. నాతో గంటసేపు కూర్చుని మాట్లాడింది అదే మొదటిసారి. ఆ మాటలు తమ్ముడు కిటికీలో నుంచి విన్నాడు. మేము బయలుదేరేటప్పుడు బండి చక్రాలకు నిమ్మకాయలు పెట్టింది వాడే.

కర్నూలులో మా పెద్ద వదిన ఉంటారు. మా వారి అక్కగారు, వయసు డెబ్బై తొమ్మిది. మూడేళ్ళ క్రితం తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స తరువాత వాకర్ పట్టుకుని ఇంట్లో నడుస్తారు గాని, ఆస్పత్రికి తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. కారణం నడక కాదని నాకు ఈ ప్రయాణంలోనే తెలిసింది. దారిలో మరుగుదొడ్డి దొరకదని, దొరికినా కూర్చోలేనని, పదిమంది ముందు ఇబ్బంది పడతానని ఆవిడ భయం. ఆ భయంతో ఆస్పత్రికి వెళ్ళే రోజున కూడా తెల్లవారి నుంచి మంచినీళ్ళు ముట్టరట. మన ఇళ్ళలో ఆడవాళ్ళు చాలామంది ప్రయాణమంటే ఇలాగే నోరు కట్టుకుంటారు. నేనూ బస్సు ప్రయాణాలలో ఏళ్ళ తరబడి అదే చేశాను. అందుకే ఆ మాట వినగానే నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

అలంపురం పోదామా అని మా వారు అడిగారు. కర్నూలు నుంచి తుంగభద్ర వంతెన దాటి, అలంపురం చౌరస్తాలో కుడికి తిరిగితే మొత్తం ముప్పై కిలోమీటర్ల లోపే. వాళ్ళ చిన్నతనం గడిచిన ప్రాంతమది. ఆ రోజు కూడా వదిన పొద్దున్నుంచి నీళ్ళు తాగలేదు. ఇస్తే "వద్దులేమ్మా" అన్నారు. బండి మెట్టు అడుగు ఎత్తున్నది, ఆవిడ కాలు అంత ఎత్తు లేవదు. కింద ఒక చెక్క పీట వేసి, ఆయన ముందు నుంచి చెయ్యి అందిస్తే, నేను వెనుక నిలబడి ఎక్కించాము. చౌరస్తా దగ్గర నిలిపినప్పుడు తలుపు వేసి మరుగుదొడ్డి చూపించాను. ఎత్తు సరిపోయింది. బయటకు వచ్చి, సీట్లో కూర్చుని, ఇన్నాళ్ళూ ఈ ఒక్కదాని కోసమేనా ఇంట్లో కూర్చున్నానన్నారు.

బాదామి చాళుక్యుల కాలంలో, ఏడు ఎనిమిది శతాబ్దాలలో కట్టిన నవబ్రహ్మ ఆలయాలు అక్కడున్నాయి. పేరులో బ్రహ్మ ఉన్నా తొమ్మిదీ శివాలయాలే, శిఖరాలు ఎక్కువగా ఉత్తరాది తీరువి. జోగుళాంబ అష్టాదశ శక్తిపీఠాలలో ఒకరు. ఇప్పుడున్న అమ్మవారి గుడి 2005లో మళ్ళీ కట్టినది. వదిన బాలబ్రహ్మేశ్వరుని దగ్గరికి వాకర్‌తో నెమ్మదిగా నడిచి వెళ్ళారు. తరువాత కూడలి సంగమేశ్వరాలయం దగ్గర బండి నిలిపితే, తలుపు తెరిచి పెట్టుకుని అరగంట చూస్తూ కూర్చున్నారు. ఆ గుడి శ్రీశైలం జలాశయంలో మునగకుండా రాయి రాయి విప్పి, తెచ్చి, ఇక్కడ మళ్ళీ పేర్చినది. అది నదుల కూడలి దగ్గర ఉన్నప్పుడు వాళ్ళ నాన్నగారి వెంట వెళ్ళి చూశారట. ఏ గోడ పక్కన కూర్చుని చద్దన్నం మూట విప్పారో చెప్పారు.

మరునాడు మేము హైదరాబాదుకు బయలుదేరుతుంటే, వదిన చీరలు రెండు సంచిలో పెట్టుకుని వాకిట్లో సిద్ధంగా ఉన్నారు. మునిమనవడు పుట్టి పది నెలలైనా ఆవిడ ఇంకా ఎత్తుకోలేదు. పీట మీద కాలు పెట్టే ముందు, ఒక చెంబు మంచినీళ్ళు ఇమ్మని అడిగి నిలబడే తాగారు. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన దాటే లోపల మరొకసారి అడిగారు.

హైదరాబాదులో చిన్నమ్మాయి ఉండే భవనంలోకి మూడు మీటర్ల ఎత్తున్న బండి పట్టదు కనుక, దానిని వియ్యంకుల ఖాళీ స్థలంలో ఉంచి మేము ఇంట్లోనే ఉన్నాము. అక్కడ లిఫ్టు, మాకు పనికొచ్చే స్నానాల గది రెండూ ఉన్నాయి. తిరుగు ప్రయాణంలో వదినను కర్నూలులో దించాము. పోను రాను 1,250 కిలోమీటర్లకు దాదాపు 120 లీటర్ల డీజిల్ పట్టింది.

కార్తిక మాసానికి మళ్ళీ ఈ బండినే అడిగాము. తలుపు పక్కన లోపలా బయటా పట్టుకోవడానికి కమ్మీలు బిగించి ఇస్తామని వాళ్ళు ఒప్పుకున్నారు. ఎంత ఎత్తున ఉండాలో వదిన గోడ దగ్గర నిలబడి, మనవరాలి చేత కొలిపించి, ఫోనులో చెప్పారు. పీట మీద నిలబడితే చెయ్యి ఆనే చోటు ముప్పై నాలుగు అంగుళాలు.