జేబులో నానిన చీటీ

మావారి చొక్కా నానబెట్టాక గుర్తొచ్చింది, జేబులు చూడలేదని. తీసి చూస్తే హైదరాబాద్ డాక్టరుగారి చీటీ. అక్షరాలు అలుక్కుపోయినా తేదీ మాత్రం శుభ్రంగా ఉంది. ఇరవై రెండు రోజుల కిందటిది. అత్తమ్మను కీమోతో పాటే, నొప్పి, ఆయాసం లాంటి బాధలు తగ్గించే ఉపశమన చికిత్స విభాగంలోనూ చూపించమని రాశారు.

అడిగితే, "అది చివరి రోజుల వాళ్లకు. అమ్మ తన పళ్లెం తానే కడుక్కుంటోంది కదా" అన్నారు. ఇరవై రెండు రోజులు! అందులో అత్తమ్మ ఎన్ని రాత్రులు ఆయాసంతో గోడకు ఆనుకుని కూర్చుందో, గురక పెట్టే మనిషికేం తెలుసు? పైగా ఆడపడుచు ఫోనులో, "వదినా, అప్పుడే ఆశ వదిలేశావా?" నల్లగొండ నుంచి వంద కిలోమీటర్లు, ప్రతి కీమోకూ ఆవిడను బస్సులో ఒళ్లో పడుకోబెట్టుకుని తీసుకెళ్లేది నేను. ఆశ మాత్రం ఆమెది.

కోపంలో ఆయనకు బోస్టన్ పరిశోధన చదివి వినిపించాను. 2010లో వచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన 151 మంది. జబ్బు తెలిసిన కొత్తలోనే ఈ ఉపశమన చికిత్స కూడా మొదలైన వాళ్లకు దిగులు తగ్గింది, ఆయుష్షు కూడా పెరిగింది: 8.9 నెలలకు బదులు 11.6.

"పదకొండు నెలలేనా?" అని లేచి వెళ్లిపోయారు.

నాలుక కరుచుకున్నాను. నేను పెరిగిన సంఖ్య చూశాను, ఆయన మిగిలిన సంఖ్య విన్నారు.

అంట్లు తోముతుంటే మా నాన్న గుర్తొచ్చాడు, మా బాపు. 2012. నొప్పి తగ్గడానికి మార్ఫిన్ రాసిన చీటీని బీరువాలో చీరల కింద దాచింది ఎవరు? నేనే. మత్తుమందుకు అలవాటు పడతాడని భయం. మాకు నిద్ర చెడకూడదని బాపు రాత్రుళ్లు తువ్వాలు పళ్ల మధ్య బిగబట్టేవాడు. పొద్దున దాని మీది పంటి గాట్లు చూస్తూ నేనే ఉతికేదాన్ని. చివరి వారంలో ఎక్కడెక్కడో తిరిగి ఆ మాత్రలు తెచ్చాం (అప్పట్లో దొరకడమే గగనం, ఇవి తేలిగ్గా దొరికేలా మత్తుమందుల చట్టాన్ని 2014లో సవరించారు, బాపు పోయిన రెండేళ్లకు). వేసిన మర్నాడు బత్తాయి రసం అడిగి, "మన తోటవేనా?" అన్నాడు. మత్తేమీ లేదు. పూర్తి తెలివితోనే.

పొద్దున ఆయన్ని పిరికివాడన్నాను. సరే, అన్నాను.

చీటీ కిటికీలో ఆరుతోంది, ఎగిరిపోకుండా స్టీలు గ్లాసు పెట్టాను. ఇందాక అత్తమ్మ అడిగింది, "ఏం చీటీ అమ్మా అది?" అని.

"కిరాణా లెక్క" అన్నాను.