మా అమ్మాయి స్పానిష్ వద్దని నవాహో తీసుకుంది

మేం ఉండేది అమెరికాలో, న్యూ మెక్సికో రాష్ట్రంలో గాలప్ అనే ఊళ్ళో. చుట్టాలకి చెప్తే "అదెక్కడే, డాలస్ పక్కనా?" అంటారు, కాదు, డాలస్ నుంచి రోజంతా డ్రైవ్ చెయ్యాలి. డాక్టర్లు తక్కువున్న ఊళ్ళో మూడేళ్ళు చెయ్యాలని వీసా రూలుంది కదా, అందుకని మావారికి ఇక్కడి హాస్పిటల్లో ఉద్యోగమొస్తే వచ్చాం, మూడేళ్ళు కాస్తా తొమ్మిదేళ్ళయ్యాయి. ఇక్కణ్ణించి నలభై కిలోమీటర్లు పోతే విండో రాక్, నవాహో నేషన్‌కి, అంటే అమెరికా మూలవాసులైన నవాహో తెగవాళ్ళ సొంత ప్రభుత్వమున్న ప్రాంతానికి రాజధాని. వాళ్ళనీ ఇండియన్స్ అనే అంటారు కాబట్టి ఇక్కడ "వి ఆర్ ఇండియన్స్" అంటే పెద్ద కన్ఫ్యూజన్, ఏ ఇండియన్స్ అని నవ్వుతారు, ఇప్పుడు అలవాటైపోయి ముందే "ఇండియా ఇండియన్స్" అంటున్నాం.

తొమ్మిదో క్లాసులో లాంగ్వేజ్ ఎంచుకోమంటే మా పెద్దది నవాహో అంది. నాకు ఒళ్ళు మండింది, దాచుకోవడం ఎందుకు. దీనికి తెలుగు చదవడం రాదు, ఆదివారం ఆన్‌లైన్ క్లాసులో గుణింతాలు పెడితే కెమెరా ఆపేసి పడుకునేది, ఇప్పుడేమో లక్షా డెబ్భై వేల మంది మాట్లాడే భాష కావాలట, ఎనిమిది కోట్ల మంది మాట్లాడేది ఇంట్లో పెట్టుకుని. మావారిదింకో గోల, స్పానిష్ అయితే మెడిసిన్‌లో పనికొస్తుందని. అది వినలేదు.

మొదటి నెలలోనే హోంవర్కొకటి తెచ్చింది. నవాహో వాళ్ళు కొత్తవాళ్ళకి పరిచయం చేసుకునేటప్పుడు పేరుతో ఆగరు, నాలుగు వంశాలు చెప్పాలి. మొదట అమ్మది, తర్వాత నాన్నది, ఆ తర్వాత అమ్మ వాళ్ళ నాన్నది, నాన్న వాళ్ళ నాన్నది. అమ్మ వంశానికి పుడతారట, నాన్న వంశం "కోసం" పుడతారట. ఒకే వంశమైతే అన్నాచెల్లెళ్ళ లెక్క, పెళ్ళి కుదరదు. అచ్చం గోత్రమే కదా అన్నాను గొప్పగా. అది ఊరుకుంటుందా, "మరి నీ గోత్రం పెళ్ళయ్యాక మారిపోయిందిగా, వాళ్ళది మారదు" అంది.

నవాహో కాని పిల్లల్ని వాళ్ళ ఇంటి సంగతులతోనే రాయమన్నారట టీచరమ్మ. సరే ఇంటిపేర్లు చెప్తా రాసుకో అని కూర్చున్నా. మా ఆయనవైపు ఏడు తరాలు గడగడా వచ్చాయి, తద్దినాల పుణ్యమా అని. కానీ వాళ్ళ పద్ధతిలో అమ్మ, అమ్మకి అమ్మ, ఆవిడకి అమ్మ, ఇలా పైకి పోవాలి. మా అమ్మ పుట్టింటి పేరు తెలుసు. అమ్మమ్మ పుట్టింటి పేరు కాస్త ఆలోచిస్తే వచ్చింది. ఆవిడ వాళ్ళమ్మది? సత్తెనపల్లిలో ఉన్న మా అమ్మకి ఫోన్ చేస్తే తనకీ తెలీదు. అది ఆ గీత ఖాళీగా వదిలేసి హోంవర్క్ ఇచ్చేసింది. నాకు మాత్రం ఆ ఖాళీ చాలా రోజులు గుచ్చుకుంది.

తర్వాత్తర్వాత ఇంట్లో తమాషాలు మొదలయ్యాయి. నవాహోలో "అమ్మ" అని ఊరికే అనలేరట, ఎవరి అమ్మో కలిపే చెప్పాలి, షిమా అంటే మా అమ్మ, నిమా అంటే మీ అమ్మ. అప్పటిదాకా "నా అమ్మ, నా నాన్న" అంటూ ఇంగ్లిష్ తెలుగు మాట్లాడేది, ఒకరోజు "మనం మా అమ్మ అంటాం కదా, ఎందుకు మా?" అని అడిగింది. పిన్నిని వాళ్ళు షిమా యాజీ అంటారు, చిన్న అమ్మ అని అర్థం. చిన్నమ్మే! పిన్ని పిల్లలు వాళ్ళకీ సొంత తోబుట్టువులే, మేనత్త పిల్లల్ని పిలిచే మాట వేరు. మా చెల్లెలి కొడుకుని కజిన్ అని పరిచయం చేసే పిల్ల ఇప్పుడు తమ్ముడంటోంది, నేను పదేళ్ళు మొత్తుకున్నా రానిది.

క్రియలైతే మరీ. ఒక వస్తువుని ఇవ్వమని అడగాలంటే దాని ఆకారాన్ని బట్టి మాట మారిపోతుంది, గుండ్రటి గట్టి వస్తువుకొకటి, కర్రలాంటిదానికొకటి, తాడులాంటిదానికొకటి, గిన్నెలో ఉన్నదానికొకటి, ముద్దగా ఉన్నదానికి ఇంకొకటి. ఎలా గుర్తుంటాయమ్మా అని ఏడుపు మొహం పెట్టింది. అన్నం తింటున్నాం అప్పుడు. "అన్నం పెట్టు, నీళ్ళు పొయ్యి, ఉప్పు వెయ్యి, నెయ్యి వడ్డించు, నువ్వెప్పుడైనా నీళ్ళు పెట్టు అన్నావా?" అన్నా. చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయింది. చీర కట్టుకోవాలి, బొట్టు పెట్టుకోవాలి, చొక్కా తొడుక్కోవాలి, గంటసేపు అదే ఆట. ఉచ్చారణ దగ్గర కూడా తనకి మేలే, పొట్టి అచ్చు పొడుగు అచ్చు తేడా మనకి పుట్టుకతో వచ్చేదే, పక్క పిల్లలు దానికే తంటాలు పడతారట. నాలుకని ల దగ్గర పెట్టి గాలి మాత్రం వదిలే శబ్దం ఒకటుంది, అది మాత్రం ఇంట్లో ఎవరికీ రాలేదు, మావారు ట్రై చేస్తే ప్రెషర్ కుక్కర్‌లా వచ్చింది.

2023 అక్టోబర్ 14న సూర్యగ్రహణం. కంకణ గ్రహణం సరిగ్గా మా వైపే, ఎక్కడెక్కడినుంచో జనం కళ్ళద్దాలు పెట్టుకుని దిగారు. నవాహో వాళ్ళు మాత్రం మాన్యుమెంట్ వ్యాలీ పార్కు మూసేశారు, గ్రహణం టైములో బయటికి రారు, చూడరు, తినరు, తాగరు, పడుకోరు కూడా. మా అమ్మాయి కర్టెన్లు వేసేసి బుద్ధిగా కూర్చుంది. ఇదే మాట మా అత్తగారు చెప్తే సూపర్‌స్టిషన్ అని ఎగిరేది! ఆవిడకి ఫోన్ చేస్తే "ఇండియాలో కనపడదు, మాకు పట్టింపు లేదు, మీకు కనపడుతుందిగా, దర్భ ఉందా ఇంట్లో?" అన్నారు. గాలప్‌లో దర్భ. మావారొక్కరే వాకిట్లోకెళ్ళి చూసొచ్చారు.

ఇక్కడ కోడ్ టాకర్స్ అంటే దేవుళ్ళతో సమానం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, 29 మంది నవాహో కుర్రాళ్ళు అమెరికా సైన్యానికి తమ భాషతో మిలిటరీ కోడ్ తయారుచేశారు, జపాన్ వాళ్ళు దాన్ని ఛేదించలేకపోయారు. ఆ మొదటి బ్యాచ్‌లో చివరిదాకా బతికినాయన చెస్టర్ నెజ్, 2014లో పోయారు. అప్పట్లో నవాహో పిల్లల్ని బలవంతంగా తీసుకెళ్ళి ప్రభుత్వ బోర్డింగ్ స్కూళ్ళలో వేసేవారు, అలాంటి స్కూల్లో చదివినప్పుడు నవాహో మాట్లాడితే నోరు సబ్బుతో కడిగేవారని చెప్పుకున్నాడాయన. ఏ భాషకైతే నోట్లో సబ్బు పెట్టారో అదే కావాల్సొచ్చింది యుద్ధానికి. ఇది చెప్తూ మా అమ్మాయికి కోపంతో కళ్ళు ఎర్రబడ్డాయి. నేను నోరు జారి, మా కాన్వెంట్లో కూడా తెలుగులో మాట్లాడితే పావలా ఫైన్ ఉండేదన్నాను. "మిమ్మల్ని ఎవరు బలవంతంగా తీసుకెళ్ళారు ఆ స్కూలికి?" అంది. ఎవరూ తీసుకెళ్ళలేదు, మా నాన్న అప్పు చేసి ఫీజు కట్టి మరీ చేర్పించాడు. ఆ ముక్క దానికి అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు.

మొన్న సంక్రాంతికి మా అమ్మ వాళ్ళ ఊరు వెళ్ళింది. మాకు అర్ధరాత్రి, అమ్మకి మధ్యాహ్నం, ఫోన్ మోగితే గుండె ఆగినంత పనైంది. మంచంలో ఉన్న వాళ్ళ పిన్ని, తొంభై దాటాయి, అడగ్గానే చెప్పిందట, అమ్మమ్మ వాళ్ళమ్మ పుట్టింటి పేరు, ఊరు, ఆ ఇంటి ముందు చింతచెట్టుతో సహా. ఒక కాగితం మీద రాసి మా అమ్మాయి టేబుల్ మీద పెట్టాను. ఫోన్ పెట్టేసే ముందు మా అమ్మ గొంతు తగ్గించి, "నాకు దాచకుండా చెప్పవే, ఇంటిపేర్లూ గోత్రాలూ ఇంతలా ఆరాలు తీస్తున్నారంటే, పదహారేళ్ళకే దానికి సంబంధం ఏమైనా చూస్తున్నారా?"