ముసురులో పిట్టల లెక్క: పెరడు, ముడసర్లోవ గట్టు

డిసెంబరు. బంగాళాఖాతంలో అల్పపీడనం, ఈశాన్యం గాలి, ఆగి ఆగి జల్లు.

పెరడు, 6:40 – 7:20. జల్లు పడుతున్నంతసేపూ కాకులు, గోరింకలే. చినుకు ఆగాక మునగ కొమ్మల మీద పిగిలిపిట్టలు (బుల్‌బుల్) 4, ఈకలు విదుల్చుకుంటూ. తడిస్తే వీటి జుట్టు అణిగిపోతుంది కాబట్టి తోక కింద ఎరుపు చూసుకోవాలి. కరెంటు తీగ మీద ఏట్రింత (డ్రోంగో) 1. కుట్టుపిట్ట కూత మాత్రమే; దాన్ని ‘విన్నది’ అని విడిగా రాయాలి. ఒకేసారి కంటపడిన గరిష్ఠ సంఖ్యే లెక్క. వచ్చిపోయినవన్నీ కూడుకుంటూ పోతే ఒక్క పిగిలిపిట్టే మందైపోతుంది.

బైనాక్యులర్: 8×42, అంటే 8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ. 42ను 8తో భాగిస్తే 5.25 మి.మీ., కంటికి అందే వెలుగు వృత్తం. జేబులో పట్టే 8×25కి ఇది 3 మి.మీ. పైచిలుకే, మబ్బు వెలుగులో అంతా మసక. ఏసీ గదిలో పెట్టి తెస్తే అద్దాలకు ఆవిరి పడుతుంది, రాత్రి వరండాలోనే ఉంచడం మేలు. సముద్రపు గాలికి అద్దం మీద ఉప్పు పేరుకుంటుంది. చొక్కా అంచుతో రుద్దితే పూత గీసుకుపోతుంది. ముందు ఊది, తర్వాత మెత్తటి గుడ్డతో అద్దాలి. రాతకు పెన్సిలే, జెల్ పెన్ను చినుకుకు కారిపోతుంది.

ముడసర్లోవ (విశాఖపట్నం జలాశయం), 8:10 – 9:30. గాలికి వీపు పెట్టి నిలబడితే ముందు అద్దాల మీద జల్లు పడదు. తేలే సోలార్ పలకల అంచున నీటికాకులు 11. గట్టు వెంబడి గుడ్డికొంగలు 3, కదలవు, వెతుక్కోవాలి. నీరు నిండి బురద అంచు మునిగింది, అందుకే ఉల్లంకిపిట్టలు (శాండ్‌పైపర్లు) రాళ్ల మీదికొచ్చాయి.

ఈ వెలుగులో ఉల్లంకులన్నీ బూడిదే. రంగు నమ్మొద్దు, నడక చూడాలి. వెనకభాగం ఆపకుండా ఊపుతూ, రెక్క మడత ముందు తెల్ల చీలిక పైకెక్కి ఉంటే కామన్ శాండ్‌పైపర్. ఎగిరితే రెక్కలో తెల్ల గీత, నీటికి ఆనుకుని బిగపట్టిన రెక్కలతో పోతుంది. గీత లేకుండా నడుం తెల్లగా మెరిస్తే వుడ్ శాండ్‌పైపర్ గానీ గ్రీన్ శాండ్‌పైపర్ గానీ. రెక్క అడుగు దాదాపు నల్లగా ఉంటే గ్రీన్. లేతగా ఉండి, కాళ్లు పొడుగ్గా పసుపుగా ఉంటే వుడ్. ఇవాళ కామన్ 2. దూరంగా లేచిన ఇంకొకటి తేలలేదు, పిట్టల జాబితాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ‘ఏదో శాండ్‌పైపర్’గానే పోయింది. ఊహించి పేరు పెట్టడం కంటే అదే నయం.

తోక ఊపేదల్లా ఉల్లంకి కాదు, కాటుకపిట్టా (వాగ్‌టెయిల్) ఊపుతుంది. నల్ల గొంతు, తెల్ల కనుబొమ్మ ఉన్నది ఏడాదంతా ఇక్కడిదే. తోక కింద పసుపు ఉన్న గ్రే వాగ్‌టెయిల్ చలికాలపు చుట్టం.

పెరడుకీ గట్టుకీ వేర్వేరు జాబితాలు, మొదలైన వేళ, నిమిషాలతో సహా. జోరువాన పట్టగానే జాబితా ముగించి, తెరిపి ఇచ్చాక కొత్తది మొదలుపెట్టాలి. లేకపోతే వానలో ఖాళీగా గడిచిన సమయం లెక్కను పలచన చేస్తుంది. జనవరి నీటిపక్షుల గణనకు ఇదే గట్టు, ఇదే వేళ. అప్పటికి నీరు తగ్గి బురద తేలితే ఉల్లంకులకు ఎక్కువ సమయం పెట్టుకోవాలి.