కోర్టు కాగితాన్ని బీరువాలో పెట్టేశా

మొదటి కాగితం వచ్చిన రోజు నేను ఇంట్లో లేను. పలాసలో జీడి ఫ్యాక్టరీలో మూటలు దింపే పని ఉందంటే వెళ్లా, సాయంత్రం వచ్చేసరికి అమ్మ వాకిట్లో కూర్చుని ఉంది చేతిలో కవరు పట్టుకుని. "కోర్టు నుంచి ఎవరో వచ్చారు బాబూ, నువ్వు లేవంటే నన్ను సంతకం పెట్టమన్నారు, పెట్టేశాను, ఏట్రా ఇది" అంది. విప్పి చూస్తే వాది దగ్గర మా ఊరి మావయ్య పేరు (సొంత మావయ్య కాదు, వరసకి), ప్రతివాది దగ్గర నా పేరు, కింద వాయిదా తేదీ, రాకపోతే మీ పరోక్షంలోనే కేసు తేల్చేస్తామని ఒక లైను. ఏమీ లేదులే అమ్మా అని మడత పెట్టి బీరువాలో నాన్న డయాలసిస్ కాగితాల సంచి కింద పెట్టేశా. ఆ వాయిదాకి వెళ్లలేదు, దాని తర్వాత వాయిదాకీ వెళ్లలేదు.

ఎందుకు వెళ్లలేదంటే, బాకీ నిజం, సంతకం నాది, చేతిలో డబ్బు లేదు, ఉద్యోగం లేదు, ఇంక జడ్జి గారి ముందు నిలబడి చెప్పేదేముంది అనుకున్నా. అదొక్కటే కాదు, సిగ్గు. ఊళ్లో కోర్టు అంటే తప్పు చేసినోడు వెళ్లే చోటు. అమ్మ కూడా అదే అనేది, కోర్టుకెక్కితే గెలిచినోడు ఓడినట్టు, ఓడినోడు చచ్చినట్టు అని. నేనేమో ఓడిపోయానని ముందే డిసైడ్ అయిపోయా.

అప్పు ఎలా అయ్యిందో కూడా చెప్పాలి, ఎందుకంటే జల్సాలు చేసి అప్పుల పాలయ్యాడు అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. మాది శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం. మాకు కొబ్బరి తోటే అన్నీ. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చి ఒక్క రాత్రిలో తోటలన్నీ నేలమట్టం చేసేసింది, జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కొబ్బరి మొక్క మళ్లీ పెట్టి కాపు చూడాలంటే ఐదారేళ్లు. అంతలో నాన్నకి కిడ్నీ, మా వైపు ఇంటికొకరు అన్నట్టు ఉంటుంది ఈ జబ్బు, కొత్తగా చెప్పక్కర్లేదు. డయాలసిస్ అప్పట్లో ఆరోగ్యశ్రీలో ఫ్రీయే గానీ వారానికి మూడు సార్లు ఆటో, మందులు, టెస్టులు, మధ్యలో విశాఖ తీసుకెళ్లమంటే కారు, తోడుగా వెళ్లిన మనిషికి ఆ రోజు కూలి పోవడం, వీటన్నిటికీ ఏ కార్డూ లేదు. 2021 జనవరిలో ఆ మావయ్య దగ్గరే లక్షన్నర తీసుకున్నా, ప్రోనోటు మీద, నూటికి రెండు రూపాయల వడ్డీ. అప్పటికి నేను పైడిభీమవరం వైపు ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద చేస్తున్నా, నెలకి మూడు వేలు వడ్డీ కట్టడం పెద్ద కష్టం అనిపించలేదు. 2022లో కాంట్రాక్టు తీసేశారు. అదే ఏడాది నాన్న పోయారు.

14 నెలలు వడ్డీ కట్టా. 42 వేలు. ఇక్కడే నేను చేసిన పెద్ద తప్పు. కొంత ఫోన్‌పే కొట్టా, ఎక్కువ చేతికే ఇచ్చా, ఒక్కసారి కూడా నోటు వెనక చెల్లు రాయించుకోలేదు. మావయ్య కదా, రాయమంటే ఏమనుకుంటాడో అని. కట్టడం ఆగిపోయాక ఆయన ఏడాదిన్నర ఓపిక పట్టాడు, అది ఒప్పుకోవాలి. ప్రోనోటుకి మూడేళ్లలోపు దావా వెయ్యకపోతే కాలదోషం పట్టేస్తుంది, అందుకే 2023 డిసెంబర్‌లో, గడువుకి నెల ముందు, వేశాడు. అసలు లక్షన్నర, 35 నెలల వడ్డీ లక్షా ఐదు వేలు, మొత్తం రెండు లక్షల 55 వేలు. నేను కట్టిన 42 వేలు ఆ లెక్కలో లేవు. నేను కోర్టుకెళ్లి ఫోన్‌పే స్టేట్‌మెంట్ చూపించి ఉంటే కనీసం అందులో ఉన్నంతైనా తీసేసేవారు. వెళ్లలేదు కాబట్టి వాళ్లు చెప్పిందే లెక్క అయ్యింది, 2024లో ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే నేను లేకుండానే ఇచ్చిన తీర్పు, పైన కోర్టు ఖర్చులు.

డిక్రీ అయిన సంగతి కూడా నాకు తెలీదు. 2025లో రెండో కాగితం వచ్చింది, ఈపీ నోటీసు, అంటే డిక్రీని అమలు చెయ్యమని ఆయన వేసిన పిటిషన్ తాలూకు నోటీసు. డిక్రీ సొమ్ము కట్టనందుకు నిన్ను అరెస్టు చేసి సివిల్ జైల్లో ఎందుకు పెట్టకూడదో వచ్చి చెప్పుకో అని. ఆ మాట అమ్మకి చదివి వినిపించలేక బాత్రూంలోకెళ్లి కూర్చున్నా. ఆ రాత్రి నిద్ర లేదు, ఒరిస్సా వైపు ఏదైనా పనిలోకి పారిపోదామా అని కూడా ఆలోచించా. మా ఫ్రెండొకడు ఐపీ పెట్టేయరా అన్నాడు. ఐపీ అంటే ఏదో ఊరొదిలి పారిపోవడం అనుకుంటాం గానీ అది కూడా కోర్టులో పిటిషన్ వేసి నాకున్న ఆస్తి ఇది, అప్పులు ఇవి అని మొత్తం చూపించి దివాలా అడగడమేనట, తర్వాత తెలిసింది.

15100కి ఫోన్ చెయ్యమని చెప్పింది మా అప్ప (అక్క). వాళ్లాయన గొడవలో ఆవిడ ఒకసారి చేసిందట. లీగల్ సర్వీసెస్ వాళ్ల నంబరు, ఫ్రీ. అక్కడి నుంచి శ్రీకాకుళంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లమన్నారు. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, దివ్యాంగులకి ఆదాయంతో సంబంధం లేకుండానే ఫ్రీగా లాయర్ని ఇస్తారు, మిగతావాళ్లకి ఆదాయం తక్కువుంటే ఇస్తారు. నేను రేషన్ కార్డు, ఆధార్, ఆ రెండు కోర్టు కాగితాలూ పట్టుకెళ్లా. అప్లికేషన్ రాసిచ్చాక ఒక లాయర్ మేడమ్‌ని ఇచ్చారు, నాకంటే చిన్నదే, కానీ మొదటి పది నిమిషాల్లో నా గుండె మీద బరువు సగం తీసేసింది.

"ఇది పోలీసు కేసు కాదండీ" అంది ముందు. చెక్ బౌన్స్ అయితే క్రిమినల్ కేసు, ఇది ప్రోనోటు, సివిల్. "డబ్బు లేనందుకు జైల్లో పెట్టరు. డబ్బుండి కూడా ఎగ్గొట్టేవాళ్లనీ, ఆస్తి దాచేసేవాళ్లనీ పెడతారు. మీ దగ్గర కట్టే స్తోమత ఉందని వాళ్లే చూపించాలి, దానికి మీన్స్ ఎంక్వయిరీ అని ఉంటుంది, అప్పుడు మీరొచ్చి మీ పరిస్థితి చెప్పాలి." సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 51వ సెక్షన్ అది. 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఒక కేరళ కేసులో, పేదరికం వల్ల కట్టలేకపోయినవాణ్ని జైల్లో వెయ్యడం రాజ్యాంగంలో 21వ ఆర్టికల్‌కి విరుద్ధమని తీర్పిచ్చారని కూడా చెప్పింది. నేను అక్కడే కళ్లు తుడుచుకున్నా, దాచుకోను.

ఇంకా అడిగా, అడగాల్సినవన్నీ అడిగేశా. జైల్లో పెడితే బాకీ పోతుందా అంటే పోదు, మహా అయితే మూడు నెలలు ఉంచుతారు, బాకీ అలాగే ఉంటుంది, పైగా జైల్లో ఉన్నన్నాళ్లు తిండికి బత్తా కేసు వేసినాయనే కట్టాలి. డబ్బు డిక్రీలో ఆడవాళ్లని అసలు అరెస్టు చెయ్యకూడదు. అమ్మ భయమంతా ఇంట్లో సామాను పట్టుకుపోతారని, ఎప్పుడో ఎవరింట్లోనో బిందెలు బయట పెట్టడం చూసిందట చిన్నప్పుడు. వంట సామాను, కట్టుకునే బట్టలు, పక్కలు, ఆడవాళ్ల పుస్తెలు, పని చేసుకునే పనిముట్లు జప్తు చెయ్యడానికి లేదు, 60వ సెక్షన్. రైతుగానీ కూలీగానీ తానుంటున్న సొంత ఇల్లు కూడా మామూలుగా చెయ్యకూడదు, తాకట్టు పెట్టిన ఇల్లైతే వేరే లెక్క. పీఎఫ్ డబ్బు కూడా ముట్టుకోకూడదు. ఇదంతా ఆ రోజు రాత్రి అమ్మకి ఒక్కొక్కటీ చెప్పా, పుస్తెల సంగతి, బిందెల సంగతి రెండుసార్లు అడిగింది. నాన్న పోయినా ఆవిడ పుస్తెలు డబ్బాలో దాచుకుంది, నాకు అప్పుడే తెలిసింది.

కానీ మేడమ్ ఇంకో మాట కూడా చెప్పింది, అది చేదుగా ఉంది. ఎక్స్‌పార్టీ డిక్రీని తీసెయ్యమని అడగడానికి 30 రోజులే టైము. సమన్లు సరిగ్గా అందకపోతే తెలిసిన రోజు నుంచి లెక్క, కానీ ఇంట్లో ఉన్న పెద్దవాళ్లు తీసుకున్నా అందినట్టే, అమ్మ సంతకం ఉంది. ఆలస్యం మాఫీ చెయ్యమని పిటిషన్ వెయ్యొచ్చు, ఒప్పుకుంటారని గ్యారంటీ లేదు, ఒప్పుకున్నా కొంత డబ్బు డిపాజిట్ చెయ్యమనొచ్చు. ఈపీ దగ్గరకొచ్చాక డిక్రీలో లెక్క తప్పు అని వాదించడానికి కుదరదు. అంటే నా 42 వేలు నేను బీరువాలో పెట్టేసుకున్నట్టే.

వాయిదా రోజు వెళ్లా. చొక్కా ఇస్త్రీ చేసింది అమ్మ. కోర్టు హాల్లో పేరు పిలిస్తే కాళ్లు వణికాయి, ప్రెజెంట్ సార్ అన్నా, స్కూల్లో లాగా. జడ్జి గారు ఏం చేస్తున్నావు అని అడిగారు, ఉద్యోగం లేదండీ, కూలికి వెళ్తున్నా, దొరికిన రోజు ఐదొందలు, కట్టనని చెప్పట్లేదు, ఒకేసారి కట్టలేను అన్నా. అంతే. అరుపులు లేవు, చిన్నచూపు లేదు. లోక్ అదాలత్‌కి పంపిస్తాను ఇద్దరూ మాట్లాడుకోండి అన్నారు.

లోక్ అదాలత్‌లో మావయ్య ఎదురుగా కూర్చున్నాడు. మూడేళ్లుగా ఆయన వీధిలో కనిపిస్తే సందులోకి తిరిగిపోయేవాణ్ని, అంత దగ్గర నుంచి చూడటం అదే. ముసలాడైపోయాడు. "నువ్వొచ్చి ఒక్క మాట చెప్పుంటే కోర్టుకెల్లేవోణ్ని కాదురా" అన్నాడు. నేను ఫోన్‌పేలో ఉన్న 16 వేల స్టేట్‌మెంట్ చూపించా, చేతికిచ్చినవి కూడా గుర్తు చేశా, దసరా ముందు ఇచ్చింది, నాన్న దినానికి ముందు ఇచ్చింది. కోర్టు లెక్కలోకి అవి రావు గానీ ఆయన కాదనలేదు. లక్షా 80 వేలకి ఒప్పుకున్నాడు. 30 వేలు ముందు, అమ్మ చెవిదుద్దులు తాకట్టు పెట్టి కట్టా, మిగతాది నెలకి మూడు వేల చొప్పున 50 నెలలు, వరసగా రెండు నెలలు తప్పితే మొత్తం డిక్రీ మళ్లీ నెత్తి మీదకొస్తుంది. అక్కడ రాసిన అవార్డుకి, అంటే ఆ ఒప్పందపు తీర్పుకి, అప్పీలు ఉండదు, అందుకే సంతకం పెట్టే ముందు మేడమ్ ప్రతి లైనూ చదివి వినిపించింది.

నెలకి మూడు వేలు. ఉద్యోగం ఉన్నప్పుడు వడ్డీ కింద కట్టింది కూడా సరిగ్గా మూడు వేలే, 14 నెలలు కట్టినా అసలు రూపాయి కదల్లేదు. ఇప్పుడు ప్రతి నెలా ఆ అంకె తగ్గుతోంది, బీరువా తలుపు లోపల చాక్‌పీస్‌తో రాసుకుంటున్నా, 50, 49, 48 అని. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ మాత్రమే చేస్తున్నా, చేతికి ఇవ్వట్లేదు. ఏ నెలైనా పని దొరక్కపోతే అప్ప ఇస్తానంది, ఇప్పటిదాకా ఒక్కసారి తీసుకున్నా.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నాతో పాటు ఆ కంపెనీలో చేసినోడు, వాణ్ని కూడా అప్పుడే తీసేశారు, మొన్న రాత్రి ఫోన్ చేశాడు. చీటీ పాటలో హామీ సంతకం పెట్టాడట, సమన్లు వచ్చాయట, వెళ్లట్లేదన్నాడు. ఎందుకురా అంటే, ఏం చెప్పాలిరా, డబ్బు లేదు కదా అన్నాడు. నా మాటే వాడి నోట్లోంచి విన్నట్టు అనిపించింది. ఈకోర్ట్స్ యాప్‌లో వాడి పేరు కొట్టి చూశా, ఇంకా డిక్రీ అవ్వలేదు, రాతపూర్వకంగా జవాబు ఇవ్వడానికి టైముంది. చీటీ వాళ్లకి కట్టిన రసీదులు, బ్యాంకు పాస్‌బుక్కు అన్నీ సంచిలో పెట్టుకోమన్నా. వాయిదా వచ్చే మంగళవారం, నేను కూడా వెళ్తున్నా, పొద్దున్న ఆరున్నర బస్సుకి.