ఈ వాక్యం ఎవరికి తెలుసు? నెట్ తెలుగుకు నేను కథానిక చదివిన తీరు

యూజీసీ నెట్‌లో (కళాశాల, విశ్వవిద్యాలయ అధ్యాపకుల అర్హత పరీక్ష) 27వ సబ్జెక్టుగా తెలుగు రాయబోతున్న మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. పరీక్ష స్వరూపం మీకు తెలిసిందే: మొదటి పేపరులో 50 ప్రశ్నలు, రెండో పేపరులో 100, ఒక్కొక్క దానికి 2 మార్కులు, మొత్తం మూడు గంటలు, తప్పు జవాబుకు కోత లేదు. టైం టేబుల్ ఎలా వేసుకోవాలో చెప్పేవారు చాలామంది ఉన్నారు కనుక ఆ జోలికి పోను. రెండుసార్లు నన్ను దెబ్బతీసిన ఒక్క అంశం దగ్గరే ఆగుతాను. అది కథానికలో దృష్టికోణం, అంటే కథ ఎవరి కళ్ళతో చెబుతున్నారన్నది, దాని వెంటే వచ్చే పాత్ర చిత్రణ.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పోటీ పరీక్షల పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషు. ఇలా మూడు భాషల నడుమ చదివినదాన్ని కాబట్టి నా మొదటి తప్పు మాట దగ్గరే జరిగింది. ఇంగ్లీషు పుస్తకంలో 'ఫస్ట్ పర్సన్' అని చూసి నోట్సులో 'ప్రథమ పురుష' అని రాసుకున్నాను. మన వ్యాకరణంలో 'నేను, మేము' ఉత్తమ పురుష, 'నీవు, మీరు' మధ్యమ పురుష, 'అతడు, ఆమె, వారు' ప్రథమ పురుష. అంటే నేను ప్రథమ అనుకున్నది ఉత్తమ, మూడోది అనుకున్నది ప్రథమ. జతపరచమన్న ప్రశ్నలో ఈ ఒక్క పొరపాటుతో వరుస మొత్తం తలకిందులవుతుంది. మీ నోట్సులో కూడా అలా రాసి ఉంటే చదవడం ఆపి ముందు దాన్ని కొట్టేయండి.

రెండో తప్పు ఇంతకంటే లోతైనది. ఉత్తమ పురుష ('నేను' అని చెప్పే కథకుడు), సర్వసాక్షి (అందరి మనసులూ తెలిసిన కథకుడు), పరిమిత దృష్టి (ఒక్క పాత్రకు తెలిసినదే చెప్పే కథకుడు) అన్న పేర్లు కంఠస్థం చేసి, ప్రతి కథకూ ఒక చీటీ అంటించి పక్కన పెట్టేదాన్ని. 'అతడు' అని ఉంటే చాలు, సర్వసాక్షి అనేసేదాన్ని. గురజాడ 1910లో ప్రచురించిన 'దిద్దుబాటు' విషయంలో ఈ పద్ధతి పనికిరాలేదు. కథ 'అతడు' అనే నడుస్తుంది, నిజమే. కాని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన గోపాలరావు ఏది చూస్తే మనమూ అదే చూస్తాం. భార్య కనబడలేదని అతను కంగారు పడుతుంటే మనమూ పడతాం. ఆమె రాసిపెట్టిన ఉత్తరం అతనితోపాటే చదువుతాం. ఆ భార్య కమలిని మంచం కిందే ఉందన్న సంగతి రచయితకు తెలిసినా చివరిదాకా మనకు చెప్పడు. అన్నీ తెలిసిన కథకుడు తన చూపును కావాలనే ఒక మనిషికి కట్టివేశాడన్నమాట. ఇదే కథను కమలిని వైపు నుంచి చెబితే ఆ చివరి నవ్వుకు విలువేమీ మిగలదు. మొదటి పేజీలోనే గుట్టు బయటపడి, మగడు తడబడుతుంటే చూసి నవ్వుకునే హాస్య సన్నివేశం మాత్రమే మిగులుతుంది.

అప్పటి నుంచి నేను చీటీలు అంటించడం మానేసి, ప్రతి పేరాకూ ఒకే ప్రశ్న వేయడం మొదలుపెట్టాను: ఈ వాక్యం ఎవరికి తెలుసు?

దీనికి పుస్తకం చదవడం ఒక్కటే చాలదని, మా వారపు సంతలో అమ్మ కొండచీపురు బేరమాడిన తీరును రెండు రకాలుగా రాసి చూశాను. మొదటిది ఇది: "అమ్మ చీపురు ఎత్తి చూసింది. పుల్లలు పలచగా ఉన్నాయి. నలభైకి తక్కువ ఇవ్వనని ముసలామె తల అడ్డంగా ఊపింది. పొగరు కాకపోతే, సంత ముగిసే వేళ వీటిని ఎవరు కొంటారు?" ఇందులో 'నేను' లేదు. అయినా చివరి వాక్యం కథకుడిది కాదు, అమ్మది. 'అనుకుంది' అన్న క్రియ లేకుండానే ఆమె మనసు కథకుడి వాక్యంలోకి చొరబడింది. 'పొగరు' ఆమె వేసిన తూకం.

రెండోది అమ్మకందారు వైపు నుంచి: "ఎర్ర చీర ఆవిడ మూడోసారి అదే చీపురు ఎత్తింది. కొనేవాళ్ళు ఇన్నిసార్లు ఎత్తరు. చీకటి పడితే కొండదారి కష్టమే, కాని ముప్పైకి ఇచ్చేస్తే ఇంటికి వెళ్ళి కోడలికి ఏం చెప్పాలి?" ఇది రాస్తున్నప్పుడు నాకు తెలియకుండానే ఒక మార్పు జరిగింది. 'ముసలామె' అన్న మాట మాయమైంది, ఎందుకంటే ఎవరూ తమను తాము ముసలామె అనుకోరు. 'అమ్మ' కూడా పోయి ఎర్ర చీర అయింది. అమ్మకు చదివి వినిపిస్తే, "అది ఎర్రది కాదే, కుంకుమ రంగు" అంది. చీర కట్టుకున్నవారికి అది కుంకుమ రంగు, సంతలో దూరం నుంచి చూసినవారికి ఎరుపు. పాత్ర చిత్రణ, దృష్టికోణం సిలబస్‌లో రెండు అంశాలుగా కనిపించినా ఒకదాన్ని వదిలి రెండోదాన్ని చదవలేమని నాకు ఆ రోజే అర్థమైంది.

ఈ కోణం నుంచి పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' మళ్ళీ చదవండి. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పోటీలో రెండో బహుమతి వచ్చిందన్న వాస్తవం అందరమూ బట్టీ పడతాం, అక్కడితో ఆగిపోతాం. రైల్లో ఎదురైన బిచ్చగత్తె మనకు దాదాపు ఎప్పుడూ కథానాయకుడు రావుగారి కళ్ళలో నుంచే కనిపిస్తుంది. రైల్లో ఆమె అంటే ఆయనకు చిరాకు, తుఫాను రాత్రి ఆమే దిక్కు. మారింది ఆమె కాదు, ఆమెను చూసే కన్ను. ఆంగ్ల నవలాకారుడు ఫార్‌స్టర్ 1927లో 'ఆస్పెక్ట్స్ ఆఫ్ ది నావెల్'లో చెప్పిన ఫ్లాట్ (ఒకే గుణం చుట్టూ నిలిచే), రౌండ్ (లోతు ఉండి మారగలిగే) పాత్రల విభజనను ఇక్కడ ప్రయోగిస్తే ఎదిగిన పాత్ర రావుగారని తేలుతుంది. అలాగని బిచ్చగత్తెను ఫ్లాట్ అనేయడానికి నా మనసొప్పదు. ఆమెకు లోతు లేదనడానికి ఆధారమేదీ లేదు, ఆ లోతుకు మనల్ని తీసుకువెళ్ళే కన్ను కథలో లేదు, అంతే.

పొరుగు భాష తెలిసిన మనలాంటివారికి ఒక లాభం ఉంది, దాన్ని వదులుకోవద్దు. ఫకీర్ మోహన్ సేనాపతి 1898లో ప్రచురించిన 'రేబతి'ని ఒడియాలో మొదటి ఆధునిక కథానికగా చెబుతారు. కలరా ఇంటినంతా ఊడ్చుకుపోతే, మనుమరాలు చదువుకోవడం వల్లే ఈ అరిష్టమంతా అని నాయనమ్మ పిల్లను తిడుతుంది. ఆ తిట్టు నాయనమ్మది, రచయితది కాదు. పాత్ర తీర్పునూ రచయిత తీర్పునూ ఒకటిగా కలిపేసి చదివితే, స్త్రీవిద్య కోసం రాసిన కథను స్త్రీవిద్యకు వ్యతిరేకమని పొరబడతాం. ఒక వాక్యమూ దానికి ఒక కారణమూ ఇచ్చి రెండూ సరైనవేనా అని అడిగే ప్రతిపాదన, కారణం తరహా ప్రశ్నల్లో ఉచ్చు సరిగ్గా ఇక్కడే ఉంటుంది.

ఉత్తమ పురుషకు బుచ్చిబాబు 'నన్ను గురించి కథ వ్రాయవూ' ఒక్కటి జాగ్రత్తగా చదివితే చాలు. కుముదం గురించి చెబుతున్నానంటూ కథకుడు తనను తాను ఎంత బయటపెట్టుకుంటున్నాడో పక్క మార్జిన్‌లో గుర్తు పెట్టుకుంటూ వెళ్ళండి. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' దగ్గర మాత్రం తొందరపడకండి. అందులో చాలా భాగం పంచాయితీ మాటల మీదే నడుస్తుంది కనుక, ఎవరి మాటకు ఎంత బరువు ఇవ్వాలో పాఠకుడే తేల్చుకోవాలి. ఆ కథకు చివరి తీర్పు గైడు పుస్తకం ఇస్తుందని నేను నమ్మను.

సంభాషణ గురించి ఒక మాట. మా ఊరి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తిని మనం వ్యావహారిక భాషా ఉద్యమం కింద చదువుతాం, కథానికను ఇంకో యూనిట్‌లో చదువుతాం. కాని మనుషులు మాట్లాడే భాష అచ్చులోకి రాకపోతే పాత్ర తన మాటతో తనను చూపించుకునే వీలే ఉండేది కాదు. ఈ రెండు యూనిట్లనూ ఒకే వారంలో చదివితే రెండూ గుర్తుంటాయి.

శ్రీకాకుళంలో 1997 నుంచి తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం ఉంది. మా ఊరి నుంచి పాతపట్నం మీదుగా ఉదయం బస్సు ఎక్కితే పాత పత్రికల్లో కథలు అచ్చయిన రూపంలోనే చూసి సాయంత్రానికి తిరిగి రావచ్చు. వెళ్ళేటప్పుడు గైడు కాకుండా ఒక తెల్ల నోట్‌బుక్ తీసుకువెళ్ళండి. చదివిన ప్రతి కథలో ఒక్క పేరా ఎంచుకుని, దాన్ని ఎదుటి పాత్ర వైపు నుంచి తిరగరాసి, ఏ మాటలు మారాయో వాటి కింద గీత గీయండి. నా నోట్‌బుక్‌లో అలాంటివి అరవై దాకా ఉన్నాయి. పరీక్షకు ముందు వారం నేను తిరగేసింది ఆ గీతలనే.