పలుకుతున్న రేడియోలోనూ పాడైన కండెన్సర్ ఉండవచ్చు

మా తాతగారి వాల్వు రేడియోను పన్నెండేళ్ల తరువాత అటక మీద నుంచి దించినప్పుడు, దానిని నేరుగా కరెంటుకు కలపకుండా 60 వాట్ల బల్బును సిరీస్‌లో, అంటే రేడియోకు వెళ్లే కరెంటు ఆ బల్బు గుండానే పోయేలా పెట్టి ఆన్ చేశాను. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ దక్కుతుంది. బల్బు మసకగానే ఉంది, రేడియో పలికింది. కానీ వాల్యూము పూర్తిగా తగ్గించినా గుంయ్‌మనే మోత ఆగలేదు.

ఆ మోతకు కారణం తేలికగానే దొరికింది. ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయర్ ఇచ్చే డీసీలో మిగిలిపోయే 100 హెర్ట్‌జ్‌ల అలను అణచవలసిన ఫిల్టర్ కండెన్సర్లు (ఛార్జిని నిలవ ఉంచే భాగాలు), లోపలి ఎలక్ట్రోలైట్ అనే రసాయనం ఎండిపోయి సత్తువ కోల్పోయాయి. 50 మైక్రోఫారడ్ల (కండెన్సర్ సామర్థ్యపు కొలత) చోట 47 వేశాను. ఎక్కువ వేస్తే మంచిదని 100 వేసేవారున్నారు గాని, ఈ సెట్‌లో రెక్టిఫయర్ అయిన ఈజెడ్80 వాల్వుకు తయారీదారులు చెప్పిన హద్దు 50.

మోత పోగానే పని ముగించి ఉంటే పొరపాటు చేసినవాణ్ణి. మొదటి ఆడియో వాల్వు ఆనోడ్ (సంకేతం బయటికి వచ్చే కొస) నుంచి, స్పీకరును నడిపే ఈఎల్84 వాల్వు గ్రిడ్‌కు (వాల్వులో కరెంటును అదుపు చేసే కొసకు) ధ్వని సంకేతాన్ని చేరవేసే 0.01 మైక్రోఫారడ్ కాగితపు కండెన్సర్ డీసీని పూర్తిగా ఆపాలి. దశాబ్దాలుగా తేమ పీల్చిన కాగితం గుండా డీసీ కారితే గ్రిడ్ పాజిటివ్ అవుతుంది, వాల్వు మితిమీరి కరెంటు లాగుతుంది, చివరికి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. అంతవరకూ రేడియో బాగానే పలుకుతున్నట్టు ఉంటుంది.

మల్టీమీటరులో కెపాసిటెన్స్ కొలిచి ఈ లోపాన్ని పట్టుకోలేము. నా కండెన్సర్ 0.014 చూపించింది. లీకవుతున్న కాగితపు కండెన్సర్లు తరచుగా అసలు విలువ కన్నా ఎక్కువే చూపిస్తాయి, చూసినవారు అది దిట్టంగా ఉందనుకుంటారు. మీటరు పరీక్షించేది కొద్ది వోల్టులతోనే, సెట్‌లో దాని మీద పడేది 80కి పైగా. అందుకే సెట్ నడుస్తుండగా గ్రిడ్ దగ్గర కొలిచాను: సున్నా ఉండవలసిన చోట 4 వోల్టుల పాజిటివ్. వాల్వు చెడినా ఇలాగే రావచ్చు కనుక, సెట్ ఆపి, ఫిల్టర్ కండెన్సర్లలో నిలిచిన ఛార్జిని 10 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో ఖాళీ చేసి, సున్నా అని మీటరుతో రూఢి చేసుకున్నాక, కండెన్సర్‌కు గ్రిడ్ వైపున్న కాలు విప్పి మళ్లీ ఆన్ చేశాను. గ్రిడ్ సున్నాకు వచ్చింది. వాల్వు దోషమేమీ లేదు.

కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చిన 630 వోల్టుల పాలీప్రొపిలీన్ (ఒక రకం ప్లాస్టిక్) కండెన్సర్‌ను అక్కడ వేశాను. మిగిలిన కాగితపు కండెన్సర్లను ఒక్కొక్కటే మార్చి, మార్చిన ప్రతిసారీ సెట్ నడిపి చూశాను. తప్పు దొర్లితే ఏ టంకం దగ్గరో వెంటనే తెలుస్తుంది. ట్యూనింగ్ దగ్గరి మైకా కండెన్సర్లను మాత్రం ముట్టలేదు. అవి సాధారణంగా చెడవు, అనవసరంగా మారిస్తే స్టేషన్లు డయలు మీద స్థానం తప్పుతాయి.

ఇప్పుడు రెండు గంటలు పాడిన తరువాత కూడా గ్రిడ్ దగ్గర మీటరు సున్నానే చూపిస్తోంది.